పుండు నాలుకమీద, కోత మెడమీదనా?



ఇవాళ నేను మాట్లాడబోయేది వినడానికి అంత ఇంపైన విషయమేమీ కాదు. అయినా వినక తప్పనిది. నోటి కాన్సరు, దానికి చేసే ఆపరేషను, ఆ ఆపరేషను మాట వచ్చినప్పుడు మన ఇళ్ళల్లో జరిగే తర్జనభర్జనలు, ఇవీ ఇవాళ్టి సంగతులు.

"మనకెందుకండీ ఆ గొడవ? మన ఇంట్లో ఎవరూ చుట్ట ముట్టరుగా!" అని కొందరైనా అనుకుంటూ ఉంటారు. నిజమే కావచ్చు. కాని పక్కవాటాలో తాతగారు పొగాకు కాడ లేనిదే తాంబూలం వేసుకోరు. అంట్లు తోమడానికి వచ్చే మనిషి బుగ్గన పొగాకు ఉండ ఎప్పుడూ ఉంటూనే ఉంటుంది. చాకలికి బట్టలు వేసేటప్పుడు మగవారి చొక్కా జేబుల్లోంచి గుట్కా, వక్కపొడి పొట్లాలు రాలుతూనే ఉంటాయి. మన దేశంలో మగవారికి వచ్చే కాన్సర్లలో నోటి కాన్సరుదే మొదటి స్థానం. ఆడవారిని మాత్రం వదిలిపెట్టిందా? శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు తీరగ్రామాల్లో నిప్పున్న కొసను నోట్లో ఉంచుకుని చుట్ట కాల్చే స్త్రీలున్నారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఈ అలవాటు వల్ల అంగిలిమీద కాన్సరు వస్తోందని విశాఖపట్నం డాక్టర్లు 1950లలోనే గుర్తించి వైద్య పత్రికలకు రాశారు.

పొగాకు వల్ల కలిగే అనర్థాలు మీరు ఎన్నోసార్లు విన్నవే. అందుకని వాటిని మళ్ళీ ఏకరువు పెట్టను. జబ్బు వచ్చిందని తేలాక, ఏ వైద్యం చేయించుకోవాలి అన్న దగ్గర మనం చేసే పొరపాటు ఒకటి ఉంది. ప్రాణం పోవడమో నిలవడమో చాలాసార్లు ఆ ఒక్క చోటే తేలిపోతుంది. దాన్ని గురించే ఈ నాలుగు మాటలూ.

ఒక ఇంటిని ఊహించుకోండి. ఇంటాయనకు నాలుక పక్కన చిన్న పుండు. బటాణీ గింజంత కూడా లేదు. నెల అయినా మానలేదు. డాక్టరు గారు చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కాన్సరు అని తేలింది. "తొలి దశలోనే వచ్చారు, మంచిదయింది. ఆపరేషను చేద్దాం. నాలుకమీద పుండుతోపాటు మెడలో బిళ్ళలు కూడా తీసేద్దాం" అన్నారు డాక్టరు గారు.

ఇంటికి వచ్చాక మొదలవుతుంది చర్చ. "మెడలో ఏమీ లేదురా! నేను తడిమి చూశానుగా, చేతికేమీ తగల్లేదు" అంటారు మామగారు. "పుండొక చోట, కోతొక చోటానా? ఇదంతా డబ్బు గుంజే ఎత్తు, వదినా!" అంటాడు మరిది. "కత్తి తగిలిందంటే పాకిపోతుందిట, మా పెద్దమ్మ చెప్పింది" అంటుంది ఆడబడుచు. "మా వీధిలో ఒకాయనకి కత్తి పెట్టకుండానే కరెంటు పెట్టి నయం చేశారు" అంటారు చూడవచ్చిన వాళ్ళెవరో. అందరూ తలొక మాటా అన్నాక, చివరకు ఇల్లాలి వంక తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అంటారు. ఆ ఇల్లాలు ఏమనాలి? ఆవిడకు నాలుగు నిజాలు తెలిసి ఉంటే, ఆ నాలుగు మాటలకూ జవాబు చెప్పగలుగుతుంది.

ముందుగా ఆడబడుచు మాట తీసుకుందాం. పరీక్ష కోసం ముక్క తీస్తే గాని, ఆపరేషను చేస్తే గాని నోటి కాన్సరు పాకిపోతుందన్నది ఉత్త భయం. ముక్క తీసి చూడనిదే అది కాన్సరో కాదో, ఏ రకమో తేలదు. ఈ భయం ఎలా పుట్టిందంటారా? చాలామంది జబ్బు బాగా ముదిరాకనే ఆసుపత్రికి వస్తారు. అప్పటికే పాకి ఉంటుంది. ఆపరేషను అయినా తిరగబెడుతుంది. చూసేవాళ్ళకు మాత్రం కత్తి తగిలాకనే ఇదంతా జరిగినట్లు కనబడుతుంది. నింద కత్తిమీద పడుతుంది గాని, అసలు దోషం ఆలస్యానిది.

ఇక నోటి కాన్సరుకు కత్తే ఎందుకు? నాలుక, బుగ్గ, చిగురు, పెదవి, నాలుక కింది భాగం – వీటిలో వచ్చే కాన్సర్లకు సాధారణంగా మొదటి వైద్యం ఆపరేషనే. మామిడిపండుకు మచ్చ వస్తే మనం ఏం చేస్తాం? మచ్చ అంచు దాకా కొయ్యం. దాని చుట్టూ బాగున్నట్లు కనిపించే కండను కూడా కొంత తీసి పారేస్తాం. ఇక్కడా అంతే. పుండు చుట్టూ, పుండు కిందా, ఇంచుమించు ఒక సెంటీమీటరు మేర మంచి కండతో కలిపి తీస్తారు. తీసినదాన్ని మళ్ళీ పరీక్షకు పంపి అంచుల్లో జబ్బు మిగిలిందేమో చూస్తారు. కాబట్టి "ఇంత చిన్న పుండుకు అంత కొయ్యాలా?" అని దిగులు పడకండి. అంచులు శుభ్రంగా రావడమే ఆపరేషను బాగా జరిగిందనడానికి మొదటి గుర్తు.

సరే, మరి మెడ సంగతేమిటి? దీనికి మనకు తెలిసిన ఉదాహరణే ఉంది. పిల్లవాడి కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. దెబ్బ కాలిమీద, వాపు గజ్జల్లో! ఎందుకని? శరీరంలో రక్తనాళాలు కాకుండా, తేట నీరులాంటి రసం ప్రవహించే సన్నని నాళాలు వేరే ఉన్నాయి. ఆ దారిలో అక్కడక్కడా కాపలావాళ్ళలాగ ఈ బిళ్ళలు ఉంటాయి. కాలినుంచి వచ్చే రసం గజ్జల్లో బిళ్ళలకు చేరినట్లే, నాలుకనుంచి, బుగ్గనుంచి వచ్చే రసం దవడ కిందా మెడలోనూ ఉన్న బిళ్ళలకు చేరుతుంది. నోటిలో కాన్సరు కణం ఊడి బయలుదేరితే, మొట్టమొదట ఆగే మజిలీ మెడే.

వచ్చి ఆగిన కణాలు మొదట్లో గసగసంత కూడా ఉండవు. బిళ్ళ పెరిగి గట్టిపడితే గాని చేతికి తగలదు. స్కానింగులో కూడా కొన్ని దొరకవు. మామగారు తడిమి చూసి ఏమీ లేదన్నది నిజమే. కాని చేతికి తగలనంత మాత్రాన లేదని కాదు. పుండు పైకి ఎంత వెడల్పుగా ఉందన్నదాని కంటే, లోపలికి ఎంత లోతుగా దిగిందన్నది ముఖ్యం. లోతు మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటిందంటే మెడలో దాగి ఉండే అవకాశం పెరుగుతుంది. అందుకే ఈ మధ్య సంవత్సరాల్లో జబ్బు దశను నిర్ణయించేటప్పుడు లోతును కూడా కొలిచి రాస్తున్నారు.

మెడ ఆపరేషను అనగానే పెద్దవాళ్ళు జడుసుకోవడానికి కారణం లేకపోలేదు. 1906లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో జార్జి క్రైల్ అనే సర్జన్ ఈ ఆపరేషనును పద్ధతిగా వివరించి ప్రచురించారు. దానిలో ఒకవైపు బిళ్ళలతోపాటు మెడలోని పెద్ద కండరాన్నీ, పెద్ద సిరనూ, భుజానికి వెళ్ళే నరాన్నీ అన్నిటినీ కలిపి తీసేసేవారు. ప్రాణం దక్కేది గాని భుజం జారిపోయేది. చెయ్యి తలమీదికి లేవక, జడ వేసుకోవడానికీ, దండెంమీద బట్టలు ఆరవేయడానికీ కూడా ఇబ్బందే. మెడ ఒకవైపు పల్లంపడేది. చాలా ఏళ్ళపాటు అదే పద్ధతి నడిచింది.

ఆ తర్వాత అర్జెంటీనా దేశపు సర్జన్ ఓస్వాల్డో స్వారెజ్, ఈ బిళ్ళలన్నీ పల్చటి పొరల మధ్య ఉంటాయనీ, ఆ పొరలను జాగ్రత్తగా ఒలిచి తీస్తే కండరాన్నీ, సిరనూ, నరాన్నీ ముట్టుకోనక్కర లేదనీ గ్రహించి, 1960లలో ఆ సంగతి ప్రచురించారు. ఈనాడు తొలి దశ నోటి కాన్సరుకు చేసేది ఇంకా చిన్నది. జబ్బు మొదట చేరగల మెడ పైభాగపు బిళ్ళలను మాత్రమే తీస్తారు. కోత మెడమీద సహజంగా ఉండే ముడత వెంట వేస్తారు కాబట్టి కొన్నాళ్ళకు గీత సన్నబడుతుంది. కనుక ఎప్పుడో చుట్టాల్లో ఎవరికో చేసిన ఆపరేషనును తలుచుకుని ఇప్పటిదాన్ని అంచనా కట్టకండి. రెంటికీ పేరొకటే అయినా తేడా చాలా ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మెడలో ఏమీ కనబడనప్పుడు ముందే తీసేయాలా, లేక కనిపెట్టి ఉండి, బిళ్ళ కడితే అప్పుడు తీయాలా? ఇది మనకే కాదు, డాక్టర్లకు కూడా చాలాకాలం తేలని సందేహమే. "నూటికి డెబ్భైమందికి మెడలో ఏమీ ఉండదు. వాళ్ళందరినీ ఊరకే కోయడమెందుకు? నెలనెలా చూస్తూ ఉంటే సరిపోదా?" అని ఒక పక్షం. "బిళ్ళ పైకి కనబడేసరికి ఆలస్యమైపోతుంది" అని రెండో పక్షం. ఇరువైపులా పేరుపొందిన డాక్టర్లే ఉన్నారు.

ఈ తగవును తీర్చినది ఏ లండనో, న్యూయార్కో కాదు. మన బొంబాయి. అక్కడి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ డిక్రూజ్, ఆయన సహచరులూ 2004 నుంచి 2014 దాకా, పదేళ్ళపాటు ఈ ఒక్క ప్రశ్నమీదే పనిచేశారు. తొలి దశలో ఉండి, మెడలో బిళ్ళలు కనబడని నోటి కాన్సరు రోగులను తీసుకున్నారు. వారి అంగీకారంతోనే చీటీ వేసినట్లుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పుండుతోపాటే మెడ ఆపరేషను కూడా చేశారు. రెండో జట్టుకు పుండు మాత్రం తీసి, మెడను కనిపెట్టి ఉండి, బిళ్ళ కట్టినప్పుడే ఆపరేషను చేశారు. 500 మంది ఫలితాలు లెక్కకట్టి 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పేరుపొందిన వైద్య పత్రికలో ప్రచురించారు.

ఫలితాలు ఎలా ఉన్నాయో వినండి. మూడేళ్ళు గడిచాక, ముందే మెడ ఆపరేషను జరిగినవారిలో నూటికి 80 మంది బతికి ఉన్నారు. కనిపెట్టి ఉన్న జట్టులో నూటికి 67.5 మంది. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి జట్టులో నూటికి 69.5 మంది, రెండో జట్టులో 45.9 మంది మాత్రమే. మన ఇంటి లెక్కలో చెప్పుకోవాలంటే, ముందే మెడ ఆపరేషను చేయించుకున్న ప్రతి ఎనిమిది మందిలో, లేకపోతే మూడేళ్ళలోగా పోవలసిన మనిషి ఒకరు నిలిచారన్నమాట. ఎనిమిది ఇళ్ళలో ఒక ఇంటి దీపం. ఇది చిన్న లెక్క కాదు గదా!

"మరి కనిపెట్టి ఉన్నారుగా, బిళ్ళ కట్టగానే తీశారుగా, తేడా ఎందుకు వచ్చింది?" అని మీకు అనుమానం రావచ్చు. చక్కని ప్రశ్న. ఆ రోగులను ఊరికే వదిలెయ్యలేదు. క్రమం తప్పకుండా పిలిచి పరీక్షించారు. అయినా బిళ్ళ కనబడేసరికి జబ్బు చాలామందిలో ముదిరే ఉంది. బిళ్ళ పైపొర చీల్చుకుని బయటి కండలోకి పాకినవాళ్ళు ఎక్కువగా కనిపించారు. బిళ్ళలోపల ఉన్నప్పుడు తీయడం వేరు, పొర దాటాక తీయడం వేరు. పాలు పొంగు వచ్చేటప్పుడు గిన్నె దించడానికీ, పొంగిపోయాక పొయ్యి తుడవడానికీ ఉన్నంత తేడా. పెద్ద ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్ళముందు ఉన్నవారికే అలా జరిగితే, "మళ్ళీ నెలలో రండి" అంటే పెళ్ళిళ్ళనీ, పిల్లల పరీక్షలనీ మూడు నెలలకు వెళ్ళే మన సంగతేమిటో ఆలోచించండి.

అయితే ఆపరేషను వల్ల కష్టనష్టాలు లేవని నేను అనను. అదే పరిశోధనలో ఆపరేషను తాలూకు ఇబ్బందులు మొదటి జట్టులో నూటికి 6.6 మందికీ, రెండో జట్టులో 3.6 మందికీ వచ్చాయి. మెడ కొంతకాలం మొద్దుబారినట్లుంటుంది. నరాన్ని కాపాడినా భుజం కొన్ని నెలలు బిగుసుకుపోవచ్చు. మరొకటి. పుండు మరీ పైపైన, లోతు మూడు మిల్లీమీటర్ల లోపుగా ఉన్నవారికి మెడ ఆపరేషను వల్ల స్పష్టమైన లాభం ఆ పరిశోధనలో కనబడలేదు. అంటే ఇది అందరికీ ఒకే మూసలో పోసే వైద్యం కాదు. లోతు ఎంతో తెలుసుకుని నిర్ణయించవలసినది. ఇంకొక పద్ధతి కూడా వచ్చింది. పుండు దగ్గర మందు ఎక్కించి, అది మొట్టమొదట ఏ బిళ్ళకు చేరుతుందో కనిపెట్టి, ఆ ఒకటి రెండు బిళ్ళలనే తీసి చూస్తారు. వాటిలో జబ్బు ఉంటేనే మిగతావి తీస్తారు. ఫ్రాన్సులో 2020లో, జపానులో 2021లో వెలువడిన పరిశోధనల్లో దీనికీ మంచి ఫలితాలే వచ్చాయి. కాని దీనికి ప్రత్యేకమైన పరికరాలూ, అనుభవమూ కావాలి. అన్నిచోట్లా దొరకదు.

ఇక చూడవచ్చినవారు చెప్పిన కరెంటు మాట. రేడియేషను వైద్యాన్నే మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారు. వారు చెప్పినదీ అబద్ధం కాకపోవచ్చు. ఆ వీధిలో ఆయనకు జబ్బు గొంతులో, స్వరపేటికలో వచ్చి ఉంటుంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 332 మంది స్వరపేటిక కాన్సరు రోగులమీద జరిపిన పరిశోధన 1991లో వెలువడింది. స్వరపేటికను తీసేసినవారూ, ముందు మందులిచ్చి తర్వాత రేడియేషను పెట్టినవారూ రెండేళ్ళకు సమానంగానే, నూటికి 68 మంది, బతికి ఉన్నారు. పైగా మందులూ రేడియేషనూ తీసుకున్నవారిలో నూటికి 64 మందికి స్వరపేటిక నిలిచింది. అప్పటినుంచి గొంతు కాన్సరు వచ్చిన చాలామందికి మాట పోకుండానే వైద్యం జరుగుతోంది. కాని అది గొంతు, ఇది నాలుక. రెండూ జానెడు దూరంలోనే ఉన్నా వైద్యాల దారులు వేరు. నోటి కాన్సరుకు రేడియేషను సాధారణంగా ఆపరేషను తర్వాత, అవసరమైనవారికి ఇచ్చేది. ఎవరికో నయమయిందని మనకూ అదే కావాలనడం, పక్కింటావిడ కళ్ళజోడు మనం పెట్టుకోవడం లాంటిది.

జబ్బు పెద్దదై దవడ ఎముకదాకా వెళితే ఏమిటి గతి అని భయపడతారు. ముఖం వికారమైపోతుందనే బెంగతో ఆపరేషను మానుకునేవారు, ముఖ్యంగా పెళ్ళికావలసిన పిల్లలున్న తల్లులు, ఎందరో ఉన్నారు. వారు తెలుసుకోవలసినది ఒకటుంది. తీసేసిన చోట ఖాళీగా వదిలెయ్యరు. 1979లో స్టీఫెన్ ఆరియన్ అనే అమెరికా సర్జన్, ఛాతీమీది కండరాన్ని దాని రక్తనాళంతో సహా మెడ మీదుగా తిప్పి నోటిలో అమర్చే పద్ధతి ప్రచురించారు. మన దేశంలో ఇప్పటికీ వేలమందిని ఆదుకుంటున్నది అదే. ఆ తర్వాత ముంజేతి చర్మాన్ని నాలుకకు అతకడం వచ్చింది. 1989లో న్యూయార్కు సర్జన్ డేవిడ్ హిడాల్గో, మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో సన్నదాన్ని తీసి దవడగా మలిచి అమర్చే పద్ధతి వివరించారు. ఆ సన్న ఎముక పోయినా మనిషి నడవగలడు. ఎముక అంచుకు మాత్రమే జబ్బు తగిలితే దవడ మొత్తం తియ్యకుండా అంచు వరకే చెక్కి తీయడమూ ఉంది. ఏ పద్ధతి అయినా ముఖం మునుపటిలాగే ఉంటుందని చెప్పలేను. కాని అన్నం తినడానికీ, నలుగురిలో మాట్లాడడానికీ వీలవుతుంది. మనవాళ్ళతో కూచుని భోజనం చేయడానికి మించి ఎవరికైనా కావలసిందేముంది?

ఇప్పుడు మనవంతు పని చెబుతాను. ఆపరేషను సర్జను చేస్తారు. తర్వాత కోలుకోవడం చాలావరకు ఇల్లాలి చేతిలో ఉంటుంది.

ఆపరేషను అయ్యాక కొన్నాళ్ళు ముక్కులోంచి కడుపులోకి సన్నని గొట్టం వేస్తారు. చూసి కంగారు పడకండి. నోటిలో కుట్లు మానేదాకా అదే భోజనం దారి. పాలు, రాగిజావ, పప్పుకట్టు, మజ్జిగ, మెత్తగా రుబ్బి పలుచగా వడకట్టినవి, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం పోయాలి. పోసేటప్పుడు రోగిని కూర్చోబెట్టాలి. పోశాక మంచినీళ్ళతో గొట్టం కడగాలి. పలుకులు ఉంటే గొట్టం పూడుకుపోతుంది. కొందరికి ఊపిరి ఆడడానికి గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం అమరుస్తారు. అది ఉన్నన్నాళ్ళు మాట రాదు. ఒక పలకా బలపమో, కాగితమూ పెన్సిలో చేతికి అందేలా ఉంచండి. మాట శాశ్వతంగా పోయిందనుకుని రోగి కుమిలిపోకుండా, ఇది కొద్దిరోజుల ముచ్చటేనని ముందే చెప్పి ఉంచండి.

భుజానికి డాక్టరు చెప్పిన వ్యాయామాలు మానకూడదు. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళు గోడమీద మెల్లగా పైకి పాకించడం అందులో ఒకటి. నోరు బిగుసుకుపోకుండా రోజూ తెరిచే వ్యాయామం చెయ్యాలి. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ళమధ్య పెట్టించి, కొద్దికొద్దిగా సంఖ్య పెంచుతారు. నొప్పి అని ఇవాళ మానేస్తే, రేపు ముద్ద పట్టే చోటు ఉండదు. రేడియేషను అవసరమని చెబితే ఆపరేషనయిన ఆరువారాల లోపల మొదలుపెట్టడం మంచిది. దానికి ముందే పళ్ళ డాక్టరుకు చూపించి పుచ్చుపళ్ళ సంగతి తేల్చుకోవాలి. పొగాకు మళ్ళీ ముట్టుకుంటే చేసిన వైద్యమంతా బూడిదలో పోసిన పన్నీరే. తిరగబెట్టడమన్నది ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే జరుగుతుంది కాబట్టి, ఆ రెండేళ్ళూ రమ్మన్న తారీకుకు వెళ్ళి తీరాలి.

రోగి ఆడమనిషే అయితే మరొక మాట. మనవాళ్ళు నోటిలో పుండు వస్తే "ఆఁ, వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. పిల్ల పురుడు కానీ, సంక్రాంతి వెళ్ళనీ అని వాయిదా వేస్తారు. మొదట్లో నొప్పి ఉండదు. అదే దాని మోసం. ఆపరేషను రోజున మెడలో ఏమీ ఉండకూడదు, మంగళసూత్రాలు కూడా తీయాలి అంటే, అపశకునమని కంటనీరు పెట్టుకుని వెనక్కి వచ్చేసేవారూ లేకపోలేదు. ఆ సంగతి ముందే ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడుకుని, వాటిని దేవుడి దగ్గర పెట్టి నిశ్చింతగా వెళ్ళండి. మెడ బాగుంటే సూత్రాలు మళ్ళీ వేసుకోవచ్చు.

డాక్టరు గారి దగ్గరకు వెళ్ళినప్పుడు ఊరికే తల ఊపి వచ్చేయకుండా ఈ ప్రశ్నలు ఒక కాగితంమీద రాసుకుని అడగండి. పుండు లోతు ఎన్ని మిల్లీమీటర్లు? మెడలో ఏ బిళ్ళలు తీస్తారు, భుజం నరాన్ని కాపాడతారా? తీసినచోట ఏమి అతుకుతారు? తినడం, మాట్లాడడం ఎన్నాళ్ళకు వస్తాయి? పరీక్ష ఫలితం వచ్చాక రేడియేషను అవసరమవుతుందా? మంచి డాక్టరు ఎవరూ వీటికి విసుక్కోరు. అనుమానం తీరకపోతే రెండో డాక్టరును అడగడం తప్పూ కాదు, అమర్యాదా కాదు. కాని ఆ రెండో సలహా వారం పది రోజుల్లో అయిపోవాలి. నాటుమందులు వాడి చూద్దామని నెలలు గడపకూడదు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలిగా. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం, పేర్లు మారుతూ వచ్చినా, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అర్హులైనవారికి కాన్సరు ఆపరేషన్ల ఖర్చు భరిస్తోంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి, విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటావారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నాయి. మరిది గారి అనుమానం డబ్బు గురించే అయితే, అక్కడికి వెళ్ళి అడిగి రమ్మనండి.

ఈ సాయంత్రం దీపం పెట్టాక ఒక పని చెయ్యండి. ఇంట్లో అందరినీ, అత్తగారినీ, మామగారినీ, పని చేసే ఆవిడను కూడా, టార్చిలైటు వేసి నోరు తెరవమనండి. నాలుక పక్కలు, బుగ్గల లోపల, చిగుళ్ళు, అంగిలి చూడండి. తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, రెండు మూడు వారాలుగా మానని పుండు, మెడలో నొప్పిలేని గట్టి బిళ్ళ కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. మీరు మాత్రం చూడకుండా వదలకండి.